‘అయినా’ అన్నది ఎవరు?

ఒక మనిషి “నేను తృప్తిగా ఉన్నాను” అని చెబితే, “కాదు, నువ్వు లేవు” అనే హక్కు ఇంకొకరికి ఉంటుందా? స్త్రీవాదులుగా మనం ఈ ప్రశ్నకి రెండు రకాలుగా జవాబు చెబుతూ వస్తున్నాం. బాధ చెప్పుకున్న స్త్రీని నమ్మి తీరాలంటాం. ఆ నమ్మకం కోసం కోర్టులతోనూ, కుటుంబాలతోనూ, యూనివర్సిటీ కమిటీలతోనూ పోట్లాడాం. తృప్తి చెప్పుకున్న స్త్రీని మాత్రం కాస్త ఓరకంట చూస్తాం. పాపం, అలవాటు పడిపోయింది, ఆమెకే తెలియదు అంటాం. ఈ రెండో ధోరణి గురించి ఆలోచించేటప్పుడల్లా నాకు డెన్మార్క్‌లోని ఒక పాత దొరల ఇల్లూ, అందులోంచి బయటికి నడిచిన మారీ గ్రుబ్బె అనే మనిషీ గుర్తొస్తారు. పిహెచ్.డి. రోజుల్లో పందొమ్మిదో శతాబ్దపు యూరప్ నవల చదువుతూ, హన్నా ఆస్ట్రుప్ లార్సెన్ 1917లో చేసిన ఇంగ్లీషు అనువాదంలో జె.పి. యాకబ్‌సెన్ రాసిన ‘మారీ గ్రుబ్బె’ చదివాను. థీసిస్‌లో ఆ నవలకి చోటు దొరకలేదు. ఆ మనిషి మాత్రం నన్ను వదల్లేదు.

ఆ ఇంటి పేరు త్యేలె. జట్లాండ్ ద్వీపకల్పం మధ్యలో, వీబోర్గ్ పట్టణానికి ఈశాన్యంగా ఉంది. ఇలాంటి ఇంటిని డేనిష్ భాషలో ‘హెర్రెగోర్’ అంటారు. విడదీస్తే దొరవారి కమతం అని అర్థం. ఇంటికన్నా ముందు పొలం ఉంటుంది ఆ మాటలో. మనకి దగ్గరగా వచ్చే మాట తెలంగాణ ‘గడీ’. మధ్యయుగాల నాటి పాత రాతి ఇల్లు, పదహారో శతాబ్దపు పెద్ద భవనం, కొట్టాలు, గాదెలు, పక్కనే సన్నగా పొడుగ్గా సాగిన త్యేలె లాంగ్‌సో సరస్సు. 1797లో ఇది లుటిఖౌ కుటుంబం చేతుల్లోకి వెళ్ళింది. ఇలాంటి చోట్ల ఫోటోలు చూసినప్పుడు మన కళ్ళు ముందు భవనం మీద, తర్వాత నీళ్ళ మీద ఆగుతాయి. కొట్టం మీద ఆగవు. కానీ భవనాన్ని కట్టింది కొట్టమే. మారీ పుట్టేనాటికి జట్లాండ్ దొరల రాబడిలో పెద్ద భాగం ఎడ్ల వ్యాపారానిది. రైతులు పెంచిన ఎడ్లను దొరలు చలికాలమంతా తమ కొట్టాల్లో మేపి, బలిపించి, వసంతం రాగానే వీబోర్గ్ మీదుగా పోయే పాత దారి వెంట దక్షిణాన జర్మన్ సంతలకి తోలించేవారు. అలా కొట్టంలో బలిపించి అమ్ముకునే హక్కు కులీనులది. రైతుది మేత, చాకిరీ. కౌలుకి తీసుకున్న భూమికి ప్రతిగా దొర సొంత పొలంలో ఇన్ని రోజులని పని చేసి పోవాలి. ‘హోవెరి’ అనే ఆ పనికి వెట్టి అన్న మాట వాడితే పెద్ద తప్పేమీ కాదు.

మారీ అక్కడి దొర ఎరిక్ గ్రుబ్బె కూతురు. 1643లో పుట్టింది. తల్లి మారెన్ యూల్ పిల్ల పసితనంలోనే పోయింది. 1660లో స్వీడన్‌తో యుద్ధాల్లో చితికిపోయిన దేశంలో రాజు మూడో ఫ్రెడరిక్ పాత కులీనుల చేతుల్లోంచి అధికారాన్ని తనవైపు లాక్కుని, సింహాసనాన్ని వంశపారంపర్యం చేసుకున్నాడు. ఆ ఏడాది చివర్లోనే పదిహేడేళ్ళ మారీని ఆ రాజుకి పెళ్ళి బయట పుట్టిన కొడుకు ఉల్రిక్ ఫ్రెడరిక్ గిల్డెన్‌లోవెకి ఇచ్చి చేశారు. పాత కులీనుల ఇంటి పిల్ల, కొత్త దర్బారు కుర్రాడు. సంబంధం ఎంత చక్కగా కుదిరిందో చూడండి! అప్పటికే అతనికి సోఫీ ఉర్నె అనే ఆమెతో రహస్యంగా పెళ్ళయింది, ఇద్దరు కొడుకులు కూడా. ఆ పెళ్ళిని చెరిపేసి ఈ పెళ్ళి చేశారు. 1664లో అతను నార్వేకి రాజప్రతినిధి అయ్యాడు. 1670లో విడాకులు. కారణం, మారీ తన తోబుట్టువు భర్తతో తప్పు చేసిందన్న ఆరోపణ. గిల్డెన్‌లోవె స్త్రీ వ్యవహారాలు లోకమెరిగినవే. వాటివల్ల అతను పోగొట్టుకున్నదేమీ లేదు, 1699 దాకా అదే పదవిలో ఉన్నాడు.

1673లో ఆమెకి ఇంకో పెళ్ళి చేశారు. ఈసారి జట్లాండ్ కులీనుడే, పేరు పల్లె డ్యూరె. (పేరు చూసి మనకి నవ్వొస్తుంది గానీ ఆయన గడీ మనిషే.) కొన్నేళ్ళకి ఇద్దరూ త్యేలెకే చేరారు. అక్కడ సోరెన్ సోరెన్సెన్ మోలర్ పనిచేసేవాడు. జీతగాళ్ళ చేతా, హోవెరికి వచ్చిన రైతుల చేతా పని చేయించడం అతని ఉద్యోగం. గోదావరి జిల్లాల కమతాల్లో ఇతన్ని పెద్దపాలేరు అనేవారు. మారీకి అతనితో సంబంధం ఏర్పడింది. 1691లో రెండో విడాకుల తీర్పు, మళ్ళీ ఆమె తప్పు కిందే. అప్పటికి ఆమెకి నలభై ఎనిమిది. సోరెన్‌ని పెళ్ళి చేసుకుంది. చివరికి ఇద్దరూ ఫాల్‌స్టర్ ద్వీపంలో, గ్రోన్‌సున్ అనే ఇరుకైన జలసంధి ఒడ్డున, రేవు ఇంట్లో తేలారు. అవతలి గట్టు మోన్ ద్వీపం. అటూ ఇటూ మనుషుల్ని దాటించడం, వచ్చేపోయే వాళ్ళకి బస ఇవ్వడం వాళ్ళ బతుకుతెరువు. 1718లో ఆమె పేదగానే చనిపోయింది.

ఇంతవరకూ కాగితాలు చెప్పేది. ఆమె ఏమనుకుందో చెప్పే కాగితం ఒకటుంది. అది కూడా ఆమె రాసింది కాదు.

1711లో కోపెన్‌హాగన్‌లో ప్లేగు వచ్చింది. ఆ రోజుల్లో లుడ్విగ్ హోల్బెర్గ్ ఫాల్‌స్టర్‌లో ఆ రేవు ఇంటికి వెళ్ళాడు. తర్వాతి కాలంలో డేనిష్ నాటకానికి పెద్ద దిక్కయిన మనిషి, అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రాడు. అరవయ్యెనిమిదేళ్ళ మారీ తన కథ తన నోటితో అతనికి చెప్పింది. అతను దాన్ని తన 89వ లేఖలో రాశాడు. ఆ లేఖల మొదటి సంపుటం అచ్చయింది 1748లో. మధ్యలో ముప్ఫయ్యేడేళ్ళు. అంతకు ముందు ఏడాదే హోల్బెర్గ్ బారన్ అయ్యాడు, తెర్స్‌లోసెగోర్ అనే హెర్రెగోర్‌కి యజమాని కూడా. అంటే రేవు ఇంట్లో విన్నది ఒక చదువుకునే కుర్రాడు, కాగితం మీద పెట్టింది ఒక గడీ దొర. ప్రేమలో మనుషుల అభిరుచి ఎంత విచిత్రంగా ఉంటుందో చెప్పడానికి ఆమెను ఉదాహరణ చేశాడు. రాజ్యంలోకెల్లా నాగరికుడైన భర్త మీద ఆమెకి ఏవగింపు. మూడో భర్త ఒట్టి సరంగు, ప్రతిరోజూ ఆమెతో చెడ్డగా మెలిగేవాడు. అయినా, మొదటి పెళ్ళిలోకన్నా ఇక్కడే చాలా తృప్తిగా బతుకుతున్నానని ఆమె చెప్పిందట.

ఆ ‘అయినా’ ఎవరిది?

ఆమెదే అయితే ఒక అర్థం వస్తుంది. ఆయనదైతే ఇంకొకటి. మొగుడి ప్రవర్తన గురించి ఆమె ఒక మాట, తృప్తి గురించి వేరొక మాట, వేరువేరు సందర్భాల్లో చెప్పి ఉండొచ్చు. ఆ రెంటినీ ఒక్క వాక్యంలో కట్టి వింతగా తయారుచేసింది హోల్బెర్గ్ కలమే కావచ్చు. ‘చెడ్డగా’లో దెబ్బలున్నాయా, తిట్లున్నాయా ఆయన విడమరచలేదు. ‘ప్రతిరోజూ’ అన్నది మాత్రం ఉంది. ఆ మాట దాటి పోవడం నాకు చేతకాదు. సోరెన్ ఎలాంటివాడో చెప్పే ఇంకో సంగతి కూడా ఉంది. అదే కాలంలో అతను ఒక మనిషిని చంపిన నేరానికి శిక్షపడి జైలుకి వెళ్ళాడు.

ఈ కథ వినగానే తెలుగు పాఠకురాలికి చలం ‘మైదానం’ గుర్తు రాకుండా ఉండదు. ప్లీడరు భర్తను వదిలి అమీర్‌తో వెళ్ళిపోయిన రాజేశ్వరి తన కథ తానే చెబుతుంది, కాకపోతే ఆమె నోట్లో మాటలన్నీ చలానివే. రాజేశ్వరి కల్పన, మారీ నిజంగా బతికిన మనిషి. కానీ మారీ నోట్లోనూ మగవాళ్ళు చాలామంది మాటలు పెట్టారు. స్టీన్ స్టీన్సెన్ బ్లిఖర్ ఆ ప్రాంతం వాడే, చర్చి ఫాదరీ. 1824లో ఒక పల్లెటూరి చర్చి గుమాస్తా డైరీ రూపంలో పెద్దకథ రాశాడు. అందులో ఆమె పేరు సోఫీ. గడీలో ఆమెను మూగగా ప్రేమించిన గుమాస్తా ఏళ్ళ తర్వాత ఫాల్‌స్టర్‌లో ఆమెను చూస్తాడు. ముతకబారిపోయిన ముసలి మనిషి, తాగుబోతు మొగుడు. ఆ మనిషేనా ఈ మనిషి అని అతని గుండె పగులుతుంది. అద్భుతమైన కథ. కానీ పగిలింది చూసేవాడి గుండె అని గమనించండి. ఆమె గుండె ఎలా ఉందో కథకి పట్టదు. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1869లో ఇదే కథను ఒక కోళ్ళ కొట్టంలోంచి మొదలుపెట్టాడు. గడీ కోళ్ళను చూసుకునే గ్రేతె, మారీకి మనవరాలు. బట్టలుతికి పొట్టపోసుకున్న తల్లికి పుట్టినవాడు గనకేమో, ఆండర్సన్‌కి కొట్టం వైపునుంచి చూడాలని తోచింది. ఇక 1876లో యాకబ్‌సెన్. డార్విన్‌ను డేనిష్‌లోకి తెచ్చిన వృక్షశాస్త్రవేత్త. ఆమె కోరికను ఒక మొక్క ఎటు పెరుగుతుందో చూసినట్టు, తీర్పు చెప్పకుండా చూశాడు. మిగతా అందరికన్నా నాకు ఆయన నచ్చడానికి కారణం అదే. ఆడవాళ్ళూ తర్వాత ఆమెను రాశారు, యూలియానె ప్రైస్లర్ నవల 1994లో వచ్చింది.

బ్లిఖర్ గుమాస్తా చేసిన పనే మన తత్వశాస్త్రం ఇంకాస్త మర్యాదగా చేస్తుంది. రెండు సుఖాల్లో ఏది మేలైనదో ఆ రెండూ రుచి చూసినవాళ్ళే చెప్పాలన్నాడు జాన్ స్టూవర్ట్ మిల్, ‘యుటిలిటేరియనిజం’లో. ఆ లెక్కన మారీ కన్నా అర్హురాలైన సాక్షి దొరకదు. రాజప్రతినిధి భవనం, జట్లాండ్ గడీ, రేవు ఇల్లు, మూడూ ఎరిగిన మనిషి. ఆమె తీర్పు రేవు ఇంటి వైపు. కానీ మిల్ తప్పించుకునే దారి కూడా పక్కనే ఉంచుకున్నాడు. ఉన్నతమైన వాటిని ఆస్వాదించే శక్తి సున్నితమైనదనీ, పోషణ లేకపోతే చచ్చిపోతుందనీ, అలా చచ్చిపోయినవాళ్ళే కిందిదాన్ని ఎంచుకుంటారనీ అన్నాడు. అంటే సాక్షి మనకి నచ్చిన సాక్ష్యం చెబితే అర్హురాలు, చెప్పకపోతే ఆమె రుచి చెడిపోయినట్టు! తమాషా ఏమిటంటే, అదే మిల్ స్త్రీల అణచివేత మీద రాసిన పుస్తకాన్ని అది వెలువడిన 1869లోనే గేఆర్ బ్రాండెస్ డేనిష్‌లోకి తెచ్చాడు. యాకబ్‌సెన్ ఆ బ్రాండెస్ బృందంలోని వాడే.

మన కాలంలో ఈ దారికి ‘ఎడాప్టివ్ ప్రిఫరెన్స్’ అని పేరు. దొరికిన దానికి తగ్గట్టు కోరికను కుదించుకోవడం. అందని ద్రాక్షపళ్ళు పుల్లన అన్న సామెతే యాన్ ఎల్‌స్టర్ 1983 పుస్తకానికి పేరైంది. మార్తా నస్‌బామ్ ఈ ఆలోచనను స్త్రీల జీవితాలకి అన్వయిస్తూ 2000లో రాసిన పుస్తకంలో మన మహబూబ్‌నగర్ ప్రాంతపు ఆడవాళ్ళ ప్రసక్తి ఉంది. సరైన తిండి లేదు, మంచినీళ్ళు లేవు, ప్రభుత్వ చైతన్య కార్యక్రమం వచ్చేదాకా అది అన్యాయమన్న కోపం వాళ్ళలో కనిపించలేదని ఆమె గమనించింది. ఆ వాదనలో బలం ఉంది, నేను కాదనను. నీళ్ళు లేని ఊళ్ళో తృప్తిని సాక్ష్యంగా తీసుకుంటే నీళ్ళు ఎప్పటికీ రావు. కానీ ఆ వాదన మారీ దగ్గర పనిచేయదు. ఆమెకి ద్రాక్షపళ్ళు అందాయి. తిని, ఉమ్మేసింది.

ఇక్కడ నా హాస్టల్ రోజుల్లో వంటగదిలో పనిచేసిన ఒకావిడ మాట చెప్పాలి. ఆమెది రెండో మనువు. తాగొచ్చి కొడతాడని మాకందరికీ తెలుసు. మేం మహిళా సంఘం వాళ్ళం, కేసు పెడదామని ఆమె చుట్టూ తిరిగేవాళ్ళం. ఒకరోజు బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది: “మొదటోడు ఒక్కనాడు చెయ్యెత్తలే మేడం. ఒక్కనాడు మాట్లాడలే గూడ.” మేం ఇద్దరం స్నేహితులం ఆ సాయంత్రమంతా దీని మీద వాదించుకున్నాం. కొట్టేవాడిని వెనకేసుకొస్తోందని నా స్నేహితురాలు. నాకు అలా వినపడలేదు. ఆమె రెండోవాడి గురించి ఒక్క మంచి మాట చెప్పలేదు. మొదటి ఇంటి గురించి చెప్పింది.

హోల్బెర్గ్ వాక్యాన్నీ నేను అలాగే చదువుతాను. అది పోలిక. ‘మొదటి పెళ్ళిలోకన్నా’ అన్న మాట తీసేస్తే అందులో ఏమీ మిగలదు. రేవు ఇంట్లో బతుకు బాగుందనే సర్టిఫికెట్ కాదది. ప్రతిరోజూ చెడ్డగా చూసేవాడి దగ్గరున్న బతుకుకన్నా కూడా రాజప్రతినిధి భవనంలో బతుకు హీనంగా ఉండిందన్న ఫిర్యాదు. భవనం మీద సాక్ష్యం. విన్నాయన తనూ ఒక భవనానికి యజమాని అయ్యాక రాశాడు గనక ఫిర్యాదు ఆయనకి వినపడలేదు, అభిరుచి ఒక్కటే వినపడింది. ఆమె మాట పూర్తిగా నమ్మడానికి సోరెన్‌ని మంచివాణ్ణి చేయాల్సిన అవసరం మనకి లేదు. అతని ప్రవర్తన తప్పని చెప్పడానికి ఆమెకి ఏమీ తెలియదని అనాల్సిన అవసరం కూడా లేదు.

ఈ చదువు మరీ తెలివిగా ఉందని నాకే అనిపిస్తుంది. ఆమెను ఫిర్యాదుదారుగా మార్చేస్తే నాకు సౌకర్యం, ఎందుకంటే ఫిర్యాదు చేసే స్త్రీని నమ్మడం నాకు అలవాటు. అతన్ని ప్రేమించింది, అంతే, అన్న వీలుని నేను మర్యాదగా తలుపు బయట నిలబెడుతున్నాను. అది అక్కడే నిలబడి ఉంది. లోపలికి పిలిచి ఎక్కడ కూర్చోబెట్టాలో నాకింకా తోచడం లేదు.

సోరెన్ చేతిలోని కర్ర గురించి మాత్రం ఇంకొంచెం చెప్పగలను. దీని మీద సాహిత్య విమర్శ ఎక్కువ దృష్టి పెట్టినట్టు లేదు. అతని ప్రవర్తనను అందరూ అతని కింది పుట్టుకకి అంటగడతారు. ముతక మనిషి, ముతక చేతులు. కానీ అతని ఉద్యోగమేమిటి? మనుషుల చేత ఇష్టంలేని పని చేయించడం. 1683లో వచ్చిన డేనిష్ చట్టం ఇంటి యజమానికి పిల్లల్నీ పనివాళ్ళనీ కర్రతో కొట్టే హక్కు రాసిచ్చింది. ఆయుధంతో కొట్టకూడదట, అదొక్కటే షరతు. తర్వాతి శతాబ్దంలో ఎస్టేట్లలో కర్రగుర్రం ఉండేది. పదునైన అంచున్న దూలం మీద రైతుని గంటల తరబడి కూర్చోబెట్టేవారు. 1854 చట్టం పనివాళ్ళలో పెద్దవాళ్ళని ఈ హక్కు కిందనుంచి తప్పించింది. పద్దెనిమిదేళ్ళలోపు అబ్బాయిల్నీ, పదహారేళ్ళలోపు అమ్మాయిల్నీ కొట్టే హక్కు 1921 దాకా నిలిచింది. త్యేలెలో దొర స్వయంగా కర్ర పట్టుకోనక్కర్లేదు. దానికే పెద్దపాలేరు. మారీ నాన్నగారి కొట్టంలో, ఆమె నాన్నగారి జీతం మీద, మనుషుల మీద చెయ్యి చేసుకోవడం పనిలో భాగమైన చోట తయారైన మనిషి సోరెన్. ఇది నా ఊహే, దీనికి కాగితం లేదు. కానీ ఆమె గడీ నుంచి బయటికి నడిచినప్పుడు గడీ కర్ర కూడా ఆమె వెంట రేవుదాకా నడిచిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. నాగరికుడైన గిల్డెన్‌లోవె చెయ్యి ఎందుకు శుభ్రంగా ఉందో కూడా ఇక్కడే తెలుస్తుంది. అతని తరఫున చెయ్యెత్తే వాళ్ళు వేరే ఉన్నారు.

ఆమె గడప దాటగలిగింది, నిజమే. డెన్మార్క్‌లో పెళ్ళికాని స్త్రీకి చట్టం ముందు పెద్దరికం వచ్చింది 1857లో, పెళ్ళయిన స్త్రీ మీద భర్త సంరక్షకత్వం పోయింది 1899లో. అంతకు రెండు వందల ఏళ్ళ ముందే ఆమె తండ్రి మాట, భర్త మాట, రాజు మాట దాటి పోయింది. కానీ దిగడానికి ముందు పైన ఉండాలి కదా. త్యేలెలో పాలు పితికి, వెన్న తీసి, సారా కాచిన పనిమనుషుల్లో ఒకామె పెద్దపాలేరుని చేసుకుంటే అది పతనమూ కాదు, తిరుగుబాటూ కాదు, మంచి సంబంధం. వాళ్ళ పెళ్ళిళ్ళలో తృప్తి ఎంతో ఎవరూ అడగలేదు. మారీని హోల్బెర్గ్ అడిగింది కూడా ఆమె రేవు మనిషి అయినందుకు కాదు, ఒకప్పుడు రాజప్రతినిధి భార్య అయినందుకు. గ్రోన్‌సున్ రేవులో ఆమెకి ముందూ ఆడవాళ్ళు మనుషుల్ని దాటించి ఉంటారు, చలిలో వచ్చిన కుర్రాళ్ళకి వేడి గంజి పోసి, పక్క వేసి ఉంటారు. పొద్దున్నే ఆ కుర్రాళ్ళు డబ్బులిచ్చి అవతలి గట్టుకి వెళ్ళిపోయారు.